గడువు తీరిన కోడలు

"మీరు పేషెంటుకి ఏమవుతారు?" అని అడిగింది ఆసుపత్రి కౌంటర్లో కూర్చున్న అమ్మాయి.

"కోడల్ని," అంది ఆమె, సంచిలోంచి అత్తగారి రిపోర్టులు తీస్తూ.

అమ్మాయి ఏదో టైపు చేసి తెర వంక చూసింది. మళ్లీ టైపు చేసింది. వెనక వరుసలో ఎవరో విసుగ్గా దగ్గారు.

"రికార్డులో అలా లేదండి. మీ ఇద్దరికీ సంబంధం ఏమీ చూపించట్లేదు."

"సరిగ్గా చూడండి. పదేళ్లుగా నేను ఆవిడ కోడల్ని. పోయిన ఏడాది కంటి ఆపరేషన్‌కి సంతకం పెట్టింది కూడా నేనే. ఇదే కౌంటర్లో."

"పోయిన ఏడాది ఉందండి. ఇప్పుడు లేదు." అమ్మాయి గొంతు తగ్గించింది. "మీ జంట ఒప్పందం గడువు తీరిపోయింది. పొడిగింపు జరగలేదు. నలభై ఒక్క రోజులైంది."

కోడలు రిపోర్టులు మళ్లీ సంచిలో పెట్టింది. తర్వాత, "ఎవరు వేలిముద్ర వెయ్యలేదో అందులో ఉంటుందా?" అని అడిగింది.

"ఉంటుంది. మీరు వేశారు. ఆయన వెయ్యలేదు."

"అది కాగితం మీద తీసివ్వండి."

పెళ్లికి తోడుగా వేరే దారులు పెడుతూ కొత్త చట్టం వచ్చి అప్పటికి పన్నెండేళ్లు. రిజిస్ట్రారు ఆఫీసులో ఇప్పుడు మూడు రకాల దరఖాస్తులు దొరుకుతాయి. ఒకటి పాత పెళ్లే. విడిపోవాలంటే కోర్టు మెట్లెక్కాలి. రెండోది జంట ఒప్పందం. అది ఐదేళ్లకే పనిచేస్తుంది. గడువుకి ముందు రెండు నెలల్లో ఇద్దరూ వేలిముద్ర వేస్తే ఇంకో ఐదేళ్లు నడుస్తుంది. ఒక్కరు వెయ్యకపోయినా చాలు, దానంతటదే పోతుంది. ఎందుకని ఎవరూ అడగరు. మూడోది ఇంటితోడు నమోదు. పక్క గదుల్లో బతికే ఒంటరి ముసలివాళ్లు ఒకరికొకరు బాధ్యులుగా ఉండేందుకని పెట్టారు. దాని ఊసు ఎవరూ ఎత్తేవారు కాదు.

రెండోది కావాలన్నది అతనే. అతను లిఫ్టు మెకానిక్కు. ఆమె కట్టుడు పళ్లు చేసే ల్యాబులో పనిచేస్తుంది. ఆ ల్యాబులో లిఫ్టు ఆగిపోయినప్పుడు బాగుచేయడానికి వచ్చి పరిచయమయ్యాడు. "పెళ్లిలో ఒక్కసారి సరే అంటే అయిపోయింది. ఇందులో ఐదేళ్లకోసారి మళ్లీ నువ్వే కావాలంటాను. ఏది గొప్పో నువ్వే చెప్పు," అన్నాడు. ఆ మాటకి ఆమె కరిగిపోయింది. మొదటి ఐదేళ్లు తీరినప్పుడు ఇద్దరూ కొత్త బట్టలు వేసుకుని ఆఫీసుకెళ్లి వేలిముద్రలు వేశారు, మెట్ల మీద ఫొటో దిగారు. రెండోసారికి అదంతా ఫోన్లోకి వచ్చేసింది. పని మధ్యలో, ప్లాస్టరు అంటిన చేతులు కడుక్కుని మరీ ఆమె వేలు ఆనించింది. రోజంతా అచ్చులు అరగదీసే వేళ్లు కదా, ముద్ర నాలుగోసారికి గానీ పడలేదు. ఆ సాయంత్రం, "నీది అయిందా?" అని అడిగితే, "ఆఁ, పొద్దున్నే చేసేశా," అన్నాడతను. టీవీ మీంచి కళ్లు తిప్పకుండానే అన్నాడు. ఆమెకి అది ఇప్పుడు గుర్తొచ్చింది.

అత్తగారికి గుండె కవాటం మార్చే ఆపరేషన్ ఇంకో తొమ్మిది రోజుల్లో ఉంది. ఒప్పుకోలు పత్రం మీద ఆవిడే సంతకం పెట్టుకోవచ్చు. కానీ మత్తులో ఉన్నప్పుడూ, తర్వాతి రెండు మూడు రోజులూ డాక్టరు ఏదైనా అడిగితే చెప్పడానికి రికార్డులో ఉన్న మనిషి ఒకరు బాధ్యులుగా ఉండాలి.

"ఆవిడ కొడుకు రావచ్చు కదండీ," అంది కౌంటర్లో అమ్మాయి జాలిగా.

ఆ జాలికి ఆమె ఒళ్లు మండిపోయింది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని బయటికొచ్చింది. బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. తొమ్మిది స్టాపులు నిలబడే వచ్చింది.

సాయంత్రం అతను పని నుంచి వచ్చి, రోజూలాగే వంటింటి సింకులో గ్రీజు చేతులు కడుక్కుంటున్నాడు. బల్ల మీద అతనికి అన్నం వడ్డించి ఉంది. ఆమె ఆ పళ్లెం పక్కన కాగితం పెట్టింది.

"నలభై ఒక్క రోజులైందట."

అతను చదివాడు. తువ్వాలు తీసుకుని ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు. పదో వేలు కూడా తుడిచి తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"చెప్దామనే అనుకున్నా."

"ఎప్పుడు?"

"సమయం చూసుకుని."

"చేసేశానన్నావు నాతో."

"చేద్దామనే కూర్చున్నాను. వేలు పెట్టబోయి ఆగాను. పెట్టకపోతే ఏమవుతుందో చూద్దామనిపించింది. అంతే. ఇంకెవరూ లేరు, ఒట్టు. నీ మీద నాకు ఏ కంప్లయింటూ లేదు."

"మరి ఏమైంది?"

"ఏమీ కాలేదు. అదే చెప్తున్నా. మర్నాడు లేచాం. నువ్వు కాఫీ పెట్టావు, నేను డ్యూటీకి పోయాను. ఏమీ మారలేదు. కాగితం లేకపోయినా మనం మనమే అనిపించింది. నిజం చెప్పాలంటే, కాస్త తేలిగ్గా అనిపించింది."

"నీకు."

"ఆఁ?"

"తేలిగ్గా అనిపించింది నీకు. నాకు అసలు తెలియనే తెలియదు."

"నేనేమైనా విడాకులిచ్చానా? ఇంట్లోంచి పొమ్మన్నానా? నేనేం చెయ్యలేదు కదే."

"అవును, చెయ్యలేదు. వేలెడు పని, అదీ చెయ్యలేదు." ఆమె గొంతు పెద్దదైంది. "ఈ నలభై ఒక్క రోజులూ నేను నీకెవర్ని? మీ అమ్మ మందులకి లైన్లో నిలబడ్డది ఎవరు? రోజూ నీ పక్కన పడుకుంది ఎవరు? నువ్వు చూస్తూనే ఉన్నావు. లిఫ్టు ఎంత బరువు మోస్తుందో పరీక్ష పెట్టినట్టు, నాకు చెప్పకుండా నా మీద బరువులు పెడుతూ చూస్తూ ఉన్నావు."

"రేపే వెళ్దాం. కొత్తగా రాయించుకుందాం. కావాలంటే పాత పెళ్లే చేసుకుందాం, నాకేం అభ్యంతరం లేదు."

అభ్యంతరం లేదు. ఆ మాట విన్నాక ఆమె అతని ముందున్న పళ్లెం తీసింది. అన్నం గిన్నెలోకి, కూర మూకుడులోకి తిరిగి వంపేసింది. పళ్లెం కడిగి బోర్లించింది. అతను ఆకలి మీదున్నాడని ఆమెకి తెలుసు.

లోపలి గదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది. "అరిచేదేదో తలుపు తీసి అరవండి. సగం సగం వినపడి చస్తున్నాను."

అత్తగారికి డెబ్బై ఒకటి. కోర్టులో ముప్పై ఏళ్లు టైపిస్టుగా చేసి రిటైరైంది. ఆ రెండు గదుల ఇల్లు ఆవిడది. కోడలితో ఆవిడకి పదేళ్లుగా పోరే: కిటికీ తెరవాలా మూయాలా, రేడియో ఎంత సౌండు పెట్టాలి, తడి తువ్వాలు ఎక్కడ ఆరెయ్యాలి. ఫలానా కూర బాగుందని ఆ పదేళ్లలో ఒక్కసారి కూడా అన్నది లేదు. ఇప్పుడు నాలుగు మాటలకోసారి ఆయాసం వస్తోంది కాబట్టి పోట్లాటలు చిన్నవయ్యాయి గానీ మానలేదు.

కోడలు కాగితం తీసుకెళ్లి ఆవిడ చేతిలో పెట్టింది. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని పైనుంచి కింది దాకా, అంకెలూ ముద్రలతో సహా చదివింది. కొడుకు గుమ్మంలో నిలబడ్డాడు.

"ముప్పై ఏళ్లు విడాకుల తీర్పులు టైపు చేశాను," అంది ఆవిడ, ఊపిరి తీసుకుంటూ. "కొట్టినవాళ్లని చూశాను. పారిపోయినవాళ్లని చూశాను. ఎంత వెధవలైనా కోర్టు మెట్లెక్కారు. ఎందుకూ అని జడ్జి అడిగితే, అబద్ధమో నిజమో, ఏదో ఒకటి చెప్పి చచ్చారు. నువ్వు కూర్చున్న కుర్చీలోంచి కూడా లేవలేదు కదరా."

"అమ్మా, ఇది మా ఇద్దరి సంగతి."

"నా సంగతి కూడా. నా ఆపరేషన్‌కి నువ్వు సంతకం పెట్టడానికి వీల్లేదు."

"నేను కొడుకునమ్మా!"

"వేలు పెట్టబోయి ఆగేవాడివి. నేను మత్తులో పడి ఉంటే డాక్టరొచ్చి నిన్ను అడుగుతాడు. పెట్టకపోతే ఏమవుతుందో చూద్దామంటావు."

అతను చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు. ఆ అడుగుల చప్పుడు మెట్ల మీద ఆగిపోయేదాకా ఆవిడ ఆగింది. తర్వాత కోడలితో, "రేపు సెలవు పెట్టు. రిజిస్ట్రారు ఆఫీసుకెళ్లాలి. ఆ మూడో ఫారం, ఇంటితోడుది. మనిద్దరికీ," అంది.

మర్నాడు రిజిస్ట్రారు ఆఫీసులో వాళ్లకి రెండు గంటలు పట్టింది, గుమాస్తా ముందు కూర్చోవడానికి. అతను ఫారం చూసి, ఇద్దరినీ చూసి, నవ్వి, ఫారం వెనక్కి జరిపాడు.

"అత్తాకోడళ్లు ఇందులోకి రారమ్మా. బంధువులు కానివాళ్లకే ఇంటితోడు. ఉన్న బంధుత్వం మీద ఇంకోటి కుదరదు."

"బంధువులమని మీకెవరు చెప్పారు?" అంది అత్తగారు.

"ఈవిడే కదమ్మా, ఇప్పుడు మిమ్మల్ని అత్తయ్యా అని పిలిచారు."

"పిలిస్తే సరా? మీ రికార్డు తీసి చూడండి. నలభై రెండు రోజుల్నుంచి ఈమె నాకేమీ కాదు. ఆసుపత్రివాళ్లు చెప్పారు, కాగితం కూడా ఇచ్చారు. రాయండి."

గుమాస్తా రికార్డు తీశాడు. అతని నవ్వు కాస్త సడలింది. లేచి లోపలి ఆఫీసరు దగ్గరికి వెళ్లి చాలాసేపటికి వచ్చాడు. ఒకే చిరునామాలో మూడేళ్లు ఉన్నట్టు రుజువు కావాలన్నాడు. పదేళ్ల రుజువు ఇచ్చారు. ఇక అతనికి అడ్డం చెప్పడానికి ఏమీ మిగల్లేదు. కానీ సంతకానికి ముందు కోడలి వైపు తిరిగి, చదివి వినిపించాల్సింది వినిపించాడు. ఒక మనిషికి ఒక్క నమోదే ఉంటుంది. ఇది చేశాక ఆమె ఎవరితోనూ పెళ్లి గానీ జంట ఒప్పందం గానీ చేసుకోవడానికి లేదు, ముందు దీన్ని రద్దు చేసుకుంటే తప్ప. పెద్దావిడ మంచానపడితే చూడాల్సిన బాధ్యత ఆమెదే. పెద్దావిడ పోయాక ఆ ఇంట్లో ఉండే హక్కూ ఆమెదే.

"ఆలోచించుకోండమ్మా. బెంచీ అక్కడుంది."

ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. ఎదురుగా ఒక జంట ఫొటో దిగుతోంది. కోడలికి ఆ కెమెరా లాక్కుని నేలకేసి కొట్టాలనిపించింది.

"మీరు నాకు మంచి చేస్తున్నారా, మీ అబ్బాయి మీద కసి తీర్చుకుంటున్నారా?" అని అడిగింది.

"రెండూ," అంది అత్తగారు. "నీ మీద ప్రేమ పొంగి చేస్తున్నాననుకోకు. నువ్వు కిటికీలు తెరుస్తావు. కానీ మందు వేళ ఎన్నడూ తప్పలేదు. చావుబతుకుల్లో ఉన్నప్పుడు నాకు కావాల్సింది అదే."

"నిన్నటిదాకా మీ అబ్బాయికి పెళ్లాన్ని. ఇవాళ మీకు తోడుని. ఏ కాగితం చూసినా ఎవరికి ఏమవుతావనే. నేను నేనుగా ఎక్కడా సంతకం పెట్టకూడదా? పదేళ్లు చాకిరీ చేశాను. అది ఎక్కడా రాసి ఉండదు. అతను ఒక వేలు ఎత్తకపోతే మాత్రం ఆ రోజే రాసేస్తారు."

"కేకలెయ్యి. ఆ గుమాస్తా మీద కేకలెయ్యి, కాస్త వినపడేట్టు. నేను అరవలేను, ఊపిరి చాలదు."

ఆమెకి ఏడుపు రాలేదు. దవడలు నొప్పి పుట్టేంత గట్టిగా పళ్లు బిగించి కూర్చుంది. తర్వాత లేచి బల్ల దగ్గరికెళ్లి సంతకం పెట్టింది. కలం ఎంత గట్టిగా నొక్కిందంటే కింది కాగితానికి కూడా అచ్చు దిగింది.

ఇంట్లో ఉండే మనుషులందరికీ కబురు పంపడం ఆ ఆఫీసు పద్ధతి. మధ్యాహ్నానికల్లా అతనికి మెసేజీ అందింది. ఎక్కడో పదకొండో అంతస్తులో పని సగంలో వదిలేసి, టూల్ బ్యాగు భుజాన వేసుకుని వచ్చేశాడు.

"మా అమ్మని నాకు కాకుండా చేస్తావా? ఒక్క మాట చెప్పకుండా? ఇంటికొచ్చేసరికి అంతా అయిపోయి ఉండాలా?"

"చెప్దామనే అనుకున్నా," అంది ఆమె. "సమయం చూసుకుని."

అతను తెల్లబోయి చూశాడు. ఆ దెబ్బ తగిలింది. తగిలినందుకు ఆమెకి హాయిగా ఉండాల్సింది. లేదు. ఇంకా కొట్టాలనిపించింది.

"నువ్వు నా కొడుకువేరా," అంది అత్తగారు మంచం మీంచి. "దానికి గడువూ లేదు, రద్దూ లేదు. నా ఖర్మ. కానీ ఈ ఇంట్లో ఇక ఎవరుండాలో ఆమెని అడుగు."

అతను ఆమె వంక చూశాడు. ఆమె అలమారలోంచి అతని బట్టలు తీసి మంచం మీద పెట్టడం మొదలుపెట్టింది. ఇస్త్రీ చేసినవి ఒక వైపు, చేయనివి ఒక వైపు. ఆ వేరుచెయ్యడం ఎందుకో తనకే తెలియలేదు. సగంలో విసుగొచ్చి అన్నీ కలిపి బ్యాగులో కుక్కింది. అతను లిఫ్టు కంపెనీ డిపోలోని సిబ్బంది గదికి మారాడు.

ఆపరేషన్ అనుకున్న రోజే జరిగింది. బాగానే అయిందన్నారు. రెండో రోజు ఉదయం డాక్టరు బయటికొచ్చాడు. లోపల రక్తం ఊరుతోందని, మళ్లీ తెరవాల్సి రావచ్చని చెప్పాడు. తెరిస్తే ఆ వయసుకి తట్టుకుంటుందో లేదో తెలియదు. తెరవకపోతే దానంతటదే ఆగొచ్చు, ఆగకపోనూ వచ్చు. "ఇంటితోడు ఎవరు? చెప్పండి," అన్నాడు.

ఆవిడ కొడుకూ అక్కడే ఉన్నాడు, రెండు రోజులుగా గడ్డం గీసుకోకుండా. "ఇంకో డాక్టర్ని అడుగుదాం. ఒక్క గంట టైమివ్వండి," అన్నాడు.

"గంట నా దగ్గర లేదండీ," అన్నాడు డాక్టరు.

ఏది సరైందో కోడలికి తెలియదు. కట్టుడు పళ్లు సరిపోకపోతే అరగదీసి మళ్లీ చేస్తుంది. ఇది అలాంటిది కాదు. తనని ఇక్కడ నిలబెట్టినందుకు అతని మీద, అత్తగారి మీద, ఆ మూడో ఫారం మీద ఒక్కసారిగా మంట ఎగసింది. ఆ మంటలోనే, "తెరవండి," అంది. సంతకం పెట్టింది.

నాలుగు గంటల తర్వాత ఆవిడ బతుకుతుందని చెప్పారు. అతను వచ్చి పక్కన నిలబడి, "నేనైతే చెయ్యలేకపోయేవాణ్ణి. నువ్వుండబట్టి," అన్నాడు.

"నీ కోసం చెయ్యలేదు," అందామె. "మెచ్చుకోకు నన్ను. ఆవిడ పోయి ఉంటే ఈపాటికి చంపేశావనేవాడివి."

అతను కాదనలేదు.

అత్తగారు ఇంటికొచ్చిన మూడు నెలలకి అతను ఒక ఆదివారం ఉదయం వచ్చాడు. తల్లి దగ్గర కాసేపు కూర్చుని, వంటింట్లోకి వచ్చి బల్ల మీద ఒక ఫారం పెట్టాడు. పాత పెళ్లిది. తన వైపు అన్నీ నింపాడు. సంతకం పెట్టాడు, వేలిముద్ర కూడా వేశాడు. కుదురైన చేతిరాత, ఎక్కడా కొట్టివేత లేదు.

"ఈసారి ముందు నాది. నువ్వు ఎప్పుడైనా పెట్టు. లేదంటే పెట్టకు. అమ్మని నేను డిపో నుంచైనా చూసుకుంటాను."

ఆమె ఫారం చదివింది. అతను బక్కచిక్కాడు. చొక్కా కాలరు నలిగి ఉంది. ఒకప్పుడు ఆ కాలరు చూస్తే ఆమె చెయ్యి దానంతటదే వెళ్లి సరిచేసేది.

"ఒక్కటి చెప్పు. ఆ రోజు వేలు ఎందుకు ఆగింది?"

"చెప్పాను కదా. చూద్దామని..."

"అది కాదు. ఎందుకు?"

అతను చాలాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, ఆమెకి కనిపిస్తూనే ఉంది. చివరికి, "తెలియదు," అన్నాడు.

"తెలిశాక రా. తెలియకుండా ఎన్ని కాగితాలు తెచ్చినా నాకొద్దు. ఈసారి పాత పెళ్లే చేసుకున్నామనుకో, ఇంకో చోట ఆగుతావు. అప్పుడు ఏ కౌంటరూ చెప్పదు నాకు."

"ఇంకా అంత కోపమా?"

"అవును. తగ్గుతుందేమోనని నేనూ చూస్తున్నా. తగ్గట్లేదు. తగ్గించుకోవాలని కూడా లేదు."

అతను ఫారం తీసుకోకుండానే వెళ్లిపోయాడు. అతని వెనకే ఆమె తలుపు వేసింది. వేసింది కాదు, బాదింది. గోడకున్న క్యాలెండరు ఊడి కింద పడింది.

"వాడేమన్నాడు?" అని అడిగింది అత్తగారు.

"తెలియదన్నాడు."

"వాడికి తెలియదులే. వాళ్ల నాన్నకీ ఏదీ తెలిసేది కాదు." ఆవిడే మళ్లీ, "సంతకం పెట్టాలనుంటే పెట్టుకో. నన్ను చూసి ఆగకు. నేను వేరే ఎవరినైనా వెతుక్కుంటాను," అంది.

"ఎవర్ని వెతుక్కుంటారు? మీతో ఎవరు వేగుతారు?"

"నోరు మూసుకుని ఆ కిటికీ ముయ్యి. చలేస్తోంది."

"ముయ్యను. గాలి ఆడాలని డాక్టరు చెప్పాడు."

"చెప్పలేదు. నేను విన్నాను, చెప్పలేదు."

"మీరు మత్తులో ఉన్నారు. చెప్పింది నాతో."

ఆవిడ దుప్పటి గడ్డం దాకా లాక్కుని గోడ వైపు తిరిగిపోయింది. కోడలు క్యాలెండరు తీసి మళ్లీ మేకుకి తగిలించింది. మందుల డబ్బా తెచ్చి, పదిగంటల మాత్ర విడదీసి, నీళ్ల గ్లాసుతో మంచం పక్కన నిలబడింది. ఆవిడ ఇటు తిరిగేదాకా నిలబడే ఉంది.